ఈగ కన్ను ఫ్రేమంతా నిండాలంటే: 5 రెట్ల లెన్స్ కొనేముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సైజు సెన్సర్) కెమెరా ఉంది. దాంతో వచ్చిన 18–55 లెన్స్, విడిగా కొన్న 50 మి.మీ. ఎఫ్/1.8 ఉన్నాయి. 50కి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) తగిలించీ, 18–55ని తిరగేసి పెట్టీ ఈగల్నీ చీమల్నీ తీస్తున్నారు. ఫోకస్ లోతు చాలడం లేదని లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/22 దాకా మూస్తే ఫోటో మొత్తం మసకబారుతోంది. ఫ్లాష్ వేస్తే చీమ వీపు మీద తెల్లటి మచ్చలు, వెనకాల కటిక నలుపు. 5 రెట్ల మాక్రో లెన్స్ కొంటే ఇవన్నీ తీరతాయా, ట్రైపాడ్ కూడా కొనాలా అని అడిగారు.

లెన్స్ కొంటే తీరవు, ముదురుతాయి. మీరు చెప్పిన ఇబ్బందులన్నీ మాగ్నిఫికేషన్‌తో పాటు పెరిగేవే. 2 రెట్ల దగ్గర లొంగని వెలుతురు 5 రెట్ల దగ్గర అసలు మాట వినదు. కాబట్టి ఆ డబ్బు ప్రస్తుతానికి అలాగే ఉంచి, ఉన్న సామానుతోనే ఫ్లాష్, డిఫ్యూజర్ (ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే తెర) సంగతి ముందు తేల్చుకోండి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఒక లెక్క. 1 రెట్టు అంటే కీటకం ఎంత పొడవుందో సెన్సర్ మీద దాని బొమ్మా అంతే పొడవు పడటం. మీ సెన్సర్ వెడల్పు సుమారు 23 మి.మీ. కాబట్టి 1 రెట్టు దగ్గర అంత వెడల్పున్న దృశ్యం ఫ్రేములోకి వస్తుంది. 3 రెట్ల దగ్గర ఏడున్నర మి.మీ., అంటే ఒక ఇంటి ఈగ ఒళ్లంతా. 5 రెట్ల దగ్గర నాలుగున్నర. 10 రెట్ల దగ్గర రెండు మి.మీ. పైచిలుకు, అంటే ఆ ఈగ తల మాత్రం. మీ ట్యూబులు మామూలుగా దొరికే 12, 20, 36 మి.మీ.ల సెట్టే అయితే మూడూ కలిపి 68. దాన్ని ఫోకల్ లెంగ్త్ 50తో భాగిస్తే 1.36. లెన్స్‌ని అనంతానికి ఫోకస్ చేసి ఉంచినప్పుడు మీకు దొరికే మాగ్నిఫికేషన్ అదే. అది తక్కువేం కాదు. మనం ఆహా అనుకునే కీటకాల ఫోటోలు చాలావరకు 1 నుంచి 3 రెట్ల మధ్యే తీస్తారని నా అంచనా.

ఇక ఎఫ్/22 దగ్గర ఏం జరుగుతోందో చూద్దాం. కెమెరా తెర మీద కనిపించే ఎఫ్ నంబరు దూరంగా ఉన్న దృశ్యాలకు సరిపోతుంది. బాగా దగ్గరికి వెళ్లినప్పుడు లెన్స్ సెన్సర్‌కి దూరం జరుగుతుంది కాబట్టి అదే రంధ్రం సెన్సర్ వైపు నుంచి ఇంకా చిన్నదైపోతుంది. అసలు నంబరు కావాలంటే మాగ్నిఫికేషన్‌కి ఒకటి కలిపి, దాంతో తెర మీది నంబరును గుణించాలి. 18–55ని తిరగేసి సుమారు 3 రెట్ల దగ్గర ఎఫ్/22 పెట్టారనుకోండి. 22ని 4తో గుణిస్తే ఎఫ్/88. అంత సన్నటి రంధ్రంలోంచి వచ్చే కాంతి డిఫ్రాక్షన్ వల్ల పరుచుకుని, ఒక్కో చుక్కా సెన్సర్ మీద సుమారు 0.12 మి.మీ. వెడల్పు మచ్చగా పడుతుంది. 23 మి.మీ. వెడల్పులో అలాంటి మచ్చలు పక్కపక్కన పేర్చుకుంటూ పోతే 200 కూడా పట్టవు. కెమెరాలో అడ్డంగా 6000 పిక్సెళ్లున్నా అంతే సంగతులు.

దీన్ని ఈగ కన్నుకి అన్వయించి చూడండి. ఆ కన్నులోని ఒక్కో పలక అడ్డంగా సుమారు 20 మైక్రాన్లు, అంటే 0.02 మి.మీ. 3 రెట్ల దగ్గర సెన్సర్ మీద అది 0.06 మి.మీ. అవుతుంది. మసక మచ్చ దానికి రెట్టింపు ఉంటే పలకలన్నీ కలిసిపోయి కన్ను ఎర్రటి మైనం ముద్దలా కనిపిస్తుంది. ఫోకస్ ఎంత కచ్చితంగా పెట్టినా, చెయ్యి ఎంత కదలకుండా పట్టినా ఫలితం ఉండదు. అదే ఎఫ్/8 పెడితే అసలు నంబరు ఎఫ్/32, మచ్చ 0.04 మి.మీ. చిల్లర. పలకలు విడివిడిగా తేలతాయి. లెన్స్ మార్చలేదు, నంబరు తగ్గించామంతే. పైగా ఎఫ్/22 నుంచి ఎఫ్/8కి వచ్చేసరికి వెలుతురు ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది కాబట్టి ఫ్లాష్‌కీ ఊపిరాడుతుంది.

నేను పాటించే హద్దు చెప్తాను. ఒక్క ఫ్రేముతోనే పని ముగించాలంటే అసలు నంబరు ఎఫ్/32 దగ్గర ఆగుతాను. తెర మీది నంబరుగా చెప్పాలంటే 1 రెట్టుకి ఎఫ్/11, 2–3 రెట్లకి ఎఫ్/8, 5 రెట్లకి ఎఫ్/5.6. ఫోకస్ జరుపుతూ తీసిన ఫ్రేముల్ని ఒకే బొమ్మగా కలిపేదుంటే (దీన్నే స్టాకింగ్ అంటారు) ఇంకో స్టాపు, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత, తెరుస్తాను. నికాన్ కెమెరాకి వాళ్ల సొంత మాక్రో లెన్స్ తగిలిస్తే ఆ తెర మీదే అసలు నంబరు కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ గుణించకండి. ఈ తేడా తెలియక ఒకరి సెట్టింగులు ఇంకొకరు కాపీ కొట్టి తికమకపడుతుంటారు.

ఈ నంబర్లతో మీ సెన్సర్ మీద దొరికే ఫోకస్ లోతు ఎంతంటే: 1 రెట్టు, ఎఫ్/11 దగ్గర సుమారు 0.9 మి.మీ. 3 రెట్లు, ఎఫ్/8 దగ్గర 0.14. 5 రెట్లు, ఎఫ్/5.6 దగ్గర 0.05. ఈగ తల ముందు నుంచి వెనక్కి ఒక మి.మీ.కి పైనే ఉంటుంది. అంటే 3 రెట్ల దగ్గరే తలలో చిన్న పొర మాత్రమే పదునుగా వస్తుంది. దీన్ని లోటుగా చూడకుండా, ఆ పొరను ఎక్కడ పరచాలా అని ఆలోచించడం మొదలుపెడితే ఫోటోలు మారిపోతాయి. పక్క నుంచి తీసేటప్పుడు కీటకం ఒళ్లు సెన్సర్‌కి సమాంతరంగా ఉండాలి. కాస్త ఏటవాలైనా తల ఉంటే కాళ్లు పోతాయి. ఎదురుగా తీసేటప్పుడు రెండు కళ్లూ ఒకే పొరలో పడేలా ఒక డిగ్రీ అటూ ఇటూ సర్దుకోవాలి. ఒక్క కన్నే దొరికేలా ఉంటే కెమెరాకి దగ్గరున్న కన్ను మీద పెట్టండి. మీసాలు, వెనక కాళ్లు పోతే పోనివ్వండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను, మీ దగ్గర చాలినంత ఉంది. 50ని తిరగేసి రివర్స్ రింగుతో పెడితే 1 రెట్టు వస్తుంది. 18–55ని తిరగేస్తే ఫోకల్ లెంగ్త్ తగ్గించేకొద్దీ మాగ్నిఫికేషన్ పెరుగుతుంది. 18 దగ్గర 3 రెట్ల పరిసరాల్లో ఉంటుంది, కీటకం లెన్స్‌కి సుమారు 5 సెం.మీ. దూరంలో పడుతుంది. చిక్కేమిటంటే తిరగేసిన లెన్స్‌కి కెమెరాతో కరెంటు సంబంధం తెగిపోతుంది, అపర్చర్ మార్చలేరు. కెనన్ ఎస్ఎల్ఆర్ అయితే లెన్స్ మామూలుగా ఉన్నప్పుడే ఎఫ్/8 పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లెన్స్ ఊడదీస్తే రంధ్రం అక్కడే నిలిచిపోతుంది. నికాన్ పాత రకం లెన్సుల్లో వెనక చిన్న మీట ఉంటుంది, దాన్ని కదపకుండా ఏదైనా అడ్డం పెట్టాలి. అపర్చర్ రింగు ఉన్న పాతకాలపు 28 మి.మీ. లేదా 50 మి.మీ. మాన్యువల్ లెన్స్ దొరికితే ఈ గొడవే ఉండదు. తిరగేసి వాడటానికి అలాంటివి బంగారం.

ముందుముందు కొనాలనిపిస్తే నా ఓటు 90–100 మి.మీ. మాక్రో లెన్స్‌కి. దాని ముందు రేనాక్స్ డీసీఆర్-250 లాంటి క్లోజప్ లెన్స్ క్లిప్పులా తగిలిస్తే సుమారు 2 రెట్లు వస్తుంది, తీసేస్తే మళ్లీ సీతాకోకచిలుకలు తీసుకోవచ్చు. 5 రెట్ల లెన్సుల్లో పేరున్నది 1999లో వచ్చిన కెనన్ ఎంపీ-ఈ 65. 1 నుంచి 5 రెట్ల దాకా మాత్రమే పనిచేస్తుంది, దూరంగా ఉన్న దేన్నీ ఫోకస్ చెయ్యలేదు. 5 రెట్ల దగ్గర లెన్స్ కొనకీ కీటకానికీ మధ్య 4 సెం.మీ. మాత్రమే ఉంటుంది. లావోవా 25 మి.మీ. 2.5–5 రెట్ల లెన్స్‌కీ దాదాపు అంతే దూరం. ఆ 4 సెం.మీ. సందులోంచి మెత్తటి వెలుతురు పంపడం చేతకాకపోతే ఆ లెన్స్ బీరువాలోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, వెలుతురు. కీటకాల పెంకు నున్నగా మెరుస్తుంది. చీమ వీపు, పెంకు పురుగు రెక్క, ఈగ కన్ను... అన్నీ చిన్న చిన్న కుంభాకార అద్దాలే. అద్దం మీద కనిపించేది దాని రంగు కాదు, దానికి ఎదురుగా ఉన్నదాని ప్రతిబింబం. మీ ఫోటోల్లోని తెల్ల మచ్చలంటే మీ ఫ్లాష్ బొమ్మే. ఫ్లాష్ పవరు తగ్గిస్తే మచ్చ పోదు, ఫోటో మొత్తం చీకటవుతుంది. వెలుగుతున్న వస్తువు పెద్దదైతేనే మచ్చ పరుచుకుని మెత్తబడుతుంది.

పెద్దది అంటే కీటకం వైపు నుంచి చూస్తే పెద్దది. అరచేతి అంత డిఫ్యూజర్ కీటకానికి 4 సెం.మీ. పైన ఉంటే దానికి ఆకాశమంతా అదే. అదే డిఫ్యూజర్ ఫ్లాష్ మూతి దగ్గర, 20 సెం.మీ. అవతల ఉంటే చిన్న కిటికీ. ఫ్లాష్‌కి తగిలించే చిన్న ప్లాస్టిక్ టోపీలు మాక్రోలో పనికిరాకపోవడానికి కారణం ఇదే. డిఫ్యూజర్ లెన్స్ కొన దాటి ముందుకు రావాలి, కీటకం పైన గొడుగులా వంగాలి.

రెండో సంగతి, ఆ డిఫ్యూజర్ అంతటా ఒకే తీరుగా వెలగాలి. ఒక్క ట్రేసింగ్ పేపరు అడ్డం పెడితే మధ్యలో మండిపోతూ అంచులు చీకటిగా ఉంటాయి. దాంతో పెద్ద డిఫ్యూజర్ పెట్టినా చిన్నదాని ఫలితమే వస్తుంది. అందుకే రెండు పొరలు, మధ్యలో ఖాళీ. ఫ్లాష్ దగ్గర మొదటి పొర వెలుతురును చెదరగొడుతుంది. మూడు నాలుగు సెం.మీ. అవతల రెండో పొర ఆ చెదిరిన వెలుతురుతో నిండుగా వెలుగుతుంది. పార్సిల్ ప్యాకింగులో వచ్చే పలచటి తెల్ల ఫోమ్ షీటు దీనికి చక్కగా సరిపోతుంది, వంచినా మడత పడదు. ఫ్లాష్ నుంచి డిఫ్యూజర్ దాకా లోపల వెండి రేకు అంటించిన అట్టతో గొట్టం చేస్తే వెలుతురు పక్కలకి పోదు. రంగు మాత్రం చూసుకోండి. కొన్ని ఫోమ్‌లు పచ్చగానో నీలంగానో కొడతాయి. తెల్ల కాగితాన్ని ఒకసారి తీసి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకుంటే సరి.

పరీక్షించడానికి పురుగు అక్కర్లేదు. ఒక స్టీలు బాల్ బేరింగ్ గుండు తీసుకోండి, పాత సైకిలు చక్రంలోదైనా చాలు. దాన్ని నల్లటి కాగితం మీద పెట్టి, మీరు ఈగని తీసే దూరం నుంచే తీయండి. ఫోటోని పెద్దది చేసి చూస్తే గుండు మీద మీ వెలుతురు మొత్తం బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది: డిఫ్యూజర్ ఏ ఆకారంలో ఉంది, ఎక్కడ మండుతోంది, ఎక్కడ ఖాళీ ఉంది, లెన్స్ నీడ ఎంత మేర పడుతోంది. తెల్లటి భాగం గుండు పై సగాన్ని నింపి, మధ్య నుంచి అంచుకి మెల్లగా తగ్గుతూ ఉంటే మీ డిఫ్యూజర్ సిద్ధమైనట్టే. మధ్యలో విడిగా ఒక తెల్ల చుక్క కనిపిస్తే మొదటి పొర చాలలేదు. కింది సగం మరీ నల్లగా ఉంటే కీటకం కింద చిన్న తెల్ల కాగితం ముక్క పట్టుకోండి, పొట్ట కింద కాళ్ల వివరాలు తేలతాయి. ఈ గుండుతో ఒక సాయంత్రం కూర్చుంటే కొత్త లెన్స్ ఇవ్వలేని మార్పు వస్తుంది. అట్ట, ఫోమ్, టేపు మార్చి మార్చి చూస్తూ, ప్రతిసారీ గుండు ఫోటో తీసి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

వెనక నలుపు గురించి. ఫ్లాష్ వెలుతురు దూరం వర్గానికి విలోమంగా పడిపోతుంది. డిఫ్యూజర్‌కి కీటకం 8 సెం.మీ.లో, వెనకున్న పొద 80 సెం.మీ.లో ఉంటే పొదకి అందేది నూరో వంతు. అది నలుపే. మందు తేలిక: కీటకం వెనక రెండు మూడు సెం.మీ.లో ఒక ఆకు వచ్చేలా కోణం మార్చుకోండి, లేదా రాలిన ఆకు ఒకటి వెనకాల పట్టుకోండి. ఆ దూరంలో ఆకు ఈనెలు కూడా కనిపించవు, మెత్తటి పచ్చదనం మిగులుతుంది. అయితే నలుపు అన్నిసార్లూ చెడ్డది కాదు. తెల్లటి నూగున్న పురుగులకి అదే అందం. నల్లచీమ నల్ల నేపథ్యంలో కలిసిపోతేనే బాధ.

కదలిక వల్ల వచ్చే మసకకీ మందు ఫ్లాషే. మామూలు స్పీడ్‌లైట్ (కెమెరా మీద బిగించే ఫ్లాష్) పూర్తి పవరులో సుమారు సెకనులో వెయ్యో వంతు వెలుగుతుంది. 1/16 పవరుకి తగ్గిస్తే పదివేలో వంతు పరిసరాలకి వస్తుంది. ఆ లిప్తలో ఈగా కదలదు, మీ చెయ్యీ కదలదు. స్టూడియోలో వాడే పెద్ద ఫ్లాషుల్లో కొన్నింటికి ఇది తలకిందులు, పవరు తగ్గిస్తే వెలుగు సమయం పెరుగుతుంది. కాబట్టి వాటికన్నా మామూలు స్పీడ్‌లైటే మేలు. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి 1/200, ఐఎస్ఓ 200, ఎఫ్/8తో మొదలెట్టండి. ఫ్లాష్ ఆపేసి ఒకటి తీస్తే ఫోటో నల్లగా రావాలి. అలా వస్తే బయటి వెలుతురు ఫోటోలో కలవడం లేదని, కదలిక నీడలు పడవని అర్థం. ఫ్లాష్‌నీ మాన్యువల్‌లోనే పెట్టి 1/16తో మొదలుపెట్టి పైకో కిందకో జరపండి. హై స్పీడ్ సింక్ జోలికి పోవద్దు, అది వెలుగును సాగదీస్తుంది కాబట్టి ఇక్కడ మనకి నష్టమే.

ఇక పురుగు దగ్గరికి వెళ్దాం. ఫోకస్ రింగును తిప్పడం మానెయ్యండి. కావాల్సిన మాగ్నిఫికేషన్ దగ్గర రింగు వదిలేసి, మీరే ముందుకీ వెనక్కీ జరగాలి. జరగడమంటే మిల్లీమీటర్లలో. ఒళ్లు దేనికో ఒకదానికి ఆనకుండా అది సాధ్యం కాదు. పురుగు గడ్డిపరక మీదుంటే నేను చేసేది: ఎడమ చేత్తో కాడని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుంటాను, అదే చేతి మడమ (మణికట్టు దగ్గరి అరచేతి భాగం) మీద లెన్స్‌ని ఆన్చుతాను. ఇప్పుడు గాలి వీచినా కాడ, చెయ్యి, లెన్స్ మూడూ కలిసే ఊగుతాయి, మధ్య దూరం మారదు. వేళ్లు ఒక పిసరు దొర్లిస్తే పురుగు నా వైపు తిరుగుతుంది, మడమ కాస్త నొక్కితే ఫోకస్ ముందుకి జరుగుతుంది. 3 రెట్ల దాకా చేత్తోనే తీయగలగడానికి కిటుకు మొత్తం ఇదే. నేల మీదున్న పురుగైతే మోచేతులు నేలకి ఆన్చి పడుకోవాల్సిందే, వేరే దారి లేదు.

తెల్లవారుజామున వెళ్లండి. కీటకాల ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టే ఉంటుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు అవి చురుగ్గా కదలలేవు. కొన్ని ఒంటరి తేనెటీగలు, కందిరీగలు రాత్రిపూట కాడని దవడలతో కరిచిపట్టుకుని, కాళ్లు ముడుచుకుని నిద్రపోతాయి. ఎండ తగిలేదాకా కదలవు. అలాంటిది ఒకటి దొరికితే ముఖం మీద మంచు చుక్కలతో సహా తాపీగా తీసుకోవచ్చు. సాయంత్రం చీకటి పడేవేళ అవి ఏ కాడల మీద సర్దుకుంటున్నాయో చూసిపెట్టుకుంటే పొద్దున్నే వెతుకులాట తప్పుతుంది, చాలావరకు అదే చోటికి వస్తాయి.

పట్టపగలు అయితే పనిలో మునిగిపోయిన పురుగుని ఎంచుకోండి. వేటాడే రాబర్ ఫ్లై అనే ఈగ ఆహారం దొరకబుచ్చుకుని తింటున్నంతసేపు దాదాపు కదలదు, లేచినా తరచూ పాత పుల్ల మీదికే తిరిగొస్తుంది. తూనీగలూ అంతే. మీ నీడ పురుగు మీద పడనివ్వకండి, పక్కకి ఊగకుండా తిన్నగా, మెల్లగా ముందుకి రండి. దగ్గరికొచ్చాక ముక్కుతో దాని మీదికి గాలి వదలకండి.

చీమలతో మొదలుపెట్టడం మాత్రం మీరు మీ మీదికి తెచ్చుకున్న కష్టం. ఆగవు, నల్లగా మెరుస్తాయి, ఎత్తు తక్కువ. పేనుబంక పట్టిన లేత కొమ్మ వెతకండి. పేనుబంక వదిలే తేనెబంక కోసం వచ్చిన చీమలు అక్కడక్కడే తచ్చాడుతూ మధ్యమధ్యలో నిలబడతాయి. అసలు పేనుబంకనే ముందు తీయమంటాను. ఒకటి రెండు మి.మీ. ఉంటుంది, ఎక్కడికీ పోదు, ఒళ్లు కాస్త పారదర్శకంగా ఉంటుంది కాబట్టి డిఫ్యూజర్ మంచిదో కాదో ఇట్టే చెప్పేస్తుంది. చేయి కుదిరాక చీమల జోలికి రండి.

చీకటి నీడల్లో వ్యూఫైండర్‌లో ఏమీ కనబడకపోతే డిఫ్యూజర్ లోపల చిన్న ఎల్‌ఈడీ టార్చి పెట్టుకోండి. ఫోకస్ చూసుకోవడానికి అది చాలు, ఫ్లాష్ ముందు దాని వెలుతురు లెక్కలోకి రాదు.

స్టాకింగ్ గురించి మీరు అడగలేదు గానీ, కన్నూ మీసాలూ రెండూ కావాలంటే ఆ దారే దిక్కు. కదలని పురుగైతే చేత్తోనే చెయ్యొచ్చు. ఫ్లాష్‌ని 1/32కో ఇంకా కిందికో తగ్గించి, వరుసగా వెలిగేలా చూసుకుని, మడమ నొక్కుతూ మీసం కొన నుంచి మెడ దాకా మెల్లగా జరుగుతూ పది పదిహేను తీయండి. అన్నీ సమానంగా రావు, అవసరం కూడా లేదు. మధ్యలో ఖాళీ లేకుండా పొరలు ఒకదాని మీద ఒకటి పడితే చాలు. ఫోకస్‌ని తనంతట తనే జరుపుకుంటూ తీసే ఫోకస్ బ్రాకెటింగ్ ఉన్న కెమెరా అయితే ఇంకా సుఖం, కాకపోతే తిరగేసిన లెన్స్‌తో అది పనిచెయ్యదు.

10 రెట్లు, ఆపైన అంటే ఆట వేరే. అక్కడ కెమెరా లెన్స్ బదులు మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోప్‌లో వస్తువు వైపుండే లెన్స్) వాడతారు. ఆబ్జెక్టివ్ ఒంటి మీద రాసి ఉండేదాన్ని చదవడం నేర్చుకోండి. 10/0.25 అంటే 10 రెట్లు, న్యూమరికల్ అపర్చర్ (ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టగలదో చెప్పే సంఖ్య) 0.25. కింద 160 అని ఉంటే దాన్ని ఖాళీ ట్యూబులతోనో బెల్లోస్ (తిత్తిలా సాగే గొట్టం)తోనో నేరుగా కెమెరాకి తగిలించవచ్చు. అనంతం గుర్తు ఉంటే మధ్యలో ఒక లెన్స్ కావాలి. ఆ గుర్తున్న వాటిలో చాలావాటికి 200 మి.మీ. టెలిఫోటోని అనంతానికి ఫోకస్ చేసి, దాని ఫిల్టర్ మర మీద అడాప్టర్‌తో ఆబ్జెక్టివ్‌ని బిగిస్తే రాసి ఉన్న మాగ్నిఫికేషన్ వస్తుంది. కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది పని దూరం, అంటే లెన్స్ కొనకీ పురుగుకీ మధ్య ఖాళీ. మిటుటోయో 10 రెట్ల ఎమ్ ప్లాన్ అపో పని దూరం 34 మి.మీ. దాకా ఉంటుంది, వెలుతురు పెట్టడానికి చోటు పుష్కలం. మామూలు ల్యాబ్ ఆబ్జెక్టివ్‌లలో చాలావాటికి అది కొద్ది మిల్లీమీటర్లే, ఈగకి తగులుతుందేమో అన్నంత దగ్గర.

0.25 దగ్గర ఫోకస్ లోతు 9 మైక్రాన్ల లోపు. ఒకటిన్నర మి.మీ. లోతున్న తలని 6 మైక్రాన్ల అడుగులతో దాటాలంటే 250 ఫ్రేములు. చేత్తో కుదిరేది కాదు, కెమెరాని మోటారుతో కొద్దికొద్దిగా జరిపే పట్టా (రైల్) కావాలి. స్టాక్‌షాట్, వీమాక్రో లాంటివి దీనికోసమే ఉన్నాయి. ఎంతదాకా పోవచ్చో తెలియాలంటే లెవాన్ బిస్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన కీటకాల బొమ్మలు, మైక్రోస్కల్ప్చర్ చూడండి. 2016లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ప్రదర్శించారు. పురుగు ఒంటిని ఒక్కో భాగంగా చూసుకుంటూ, ఒక్కో భాగానికి విడిగా వెలుతురు సర్ది, ఒక్కో బొమ్మకి వేల ఫ్రేములు తీసి కలిపారు.

ఆ స్థాయిలో శత్రువు కంపనం. 10 రెట్ల దగ్గర పక్క గదిలో ఎవరైనా నడిచినా బొమ్మ ఊగుతుంది. కెమెరా, పురుగు ఒకే పలక మీద బిగిసి ఉండాలి. మోటారు జరిగాక రెండు మూడు సెకన్లు ఆగాకే షట్టర్ పడేలా పెట్టుకోండి. షట్టర్ అదురు లేకుండా ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ వాడండి. ఫ్లాష్ వాడితే చాలా కంపనం దానంతటదే కనబడకుండా పోతుంది. ఎల్‌ఈడీతో తీస్తే మినుకుమినుకుమనని లైటు చూసుకోవాలి, లేదంటే ఫ్రేముకో వెలుగు వస్తుంది.

ఇలా తీసేవి చనిపోయిన పురుగులే. కిటికీ గట్టు మీద, దీపం కింద దొరికినవి చాలు, చంపక్కర్లేదు. తాజాగా ఉన్నవే తీసుకోండి, ఈగ ఎండిపోతే కళ్లు లోపలికి నొక్కుకుపోతాయి. మెత్తటి సన్న కుంచెతో దుమ్ము దులపండి. 10 రెట్ల దగ్గర ఒక్క దూది పోగు తాడులా కనిపిస్తుంది. బతికున్న పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి మత్తెక్కించి తీయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నాకు అది నచ్చదు. పురుగు చచ్చే ప్రమాదం ఎటూ ఉంది, పైగా దాని కాళ్ల తీరు సహజంగా ఉండదు, పురుగుల్ని ఎరిగినవాళ్లు చూడగానే పట్టేస్తారు.

ఫ్రేములు కలపడానికి జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ మంచివే. జెరీన్‌లో పీమ్యాక్స్ పద్ధతి ఒకదాని మీదుగా ఒకటి పోయే నూగునీ వెంట్రుకల్నీ బాగా విడదీస్తుంది, కానీ రంగుల్ని కాస్త కఠినం చేసి నాయిస్ పెంచుతుంది. అందులోనే ఉన్న రెండో పద్ధతి డీమ్యాప్ రంగుల్ని నున్నగా ఉంచుతుంది, కానీ వెంట్రుకల చుట్టూ మసక అంచులు వదులుతుంది. రెండూ చేసి, డీమ్యాప్ బొమ్మ మీద వెంట్రుకల దగ్గర మాత్రం పీమ్యాక్స్‌ని కుంచెతో దిద్దుకోవడం నా అలవాటు. మొదలెట్టేముందు సెన్సర్ శుభ్రం చేయించుకోండి. ఇంత చిన్న రంధ్రంతో ప్రతి ధూళి కణమూ మచ్చగా కనిపిస్తుంది. స్టాక్‌లో ఫ్రేములు సరిపోల్చడానికి సాఫ్ట్‌వేర్ వాటిని కొద్ది కొద్దిగా జరుపుతుంది కాబట్టి ఆ మచ్చే గీతలా సాగి, దిద్దడానికి గంట పని పెడుతుంది.

ట్రైపాడ్ విషయం. బయట తిరిగి తీసే పనికి కొనకండి. కాళ్లు సర్దేలోపు పురుగు ఎగిరిపోతుంది, ఉండిపోయినా కాడ ఊగుతుంది, కెమెరా మాత్రం కదలకుండా నిలబడుతుంది, లాభం లేదు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు నిద్రలో ఉన్న సీతాకోకచిలుకనో తూనీగనో 1 రెట్టు లోపు, ఫ్లాష్ లేకుండా తీయాలనుకుంటే మాత్రం పనికొస్తుంది. అప్పుడు కూడా కాడకి చిన్న క్లిప్పు తగిలించి ట్రైపాడ్ కాలికే కట్టుకోండి. మధ్య కంబాన్ని పైకి లేపకుండా, కాళ్లు వెడల్పుగా పరిచి నేలకి దగ్గరగా దించగలిగే రకం అయితేనే డబ్బు పెట్టండి.